ఊళ్లో బాగానే పోతుంది, ఘాట్‌లో లాగదు: కారు పుల్లింగ్ ఎక్కడ పోతోంది?

"ఊళ్లో బానే ఉంది, హైవే మీద వంద కూడా దాటుతోంది. ఘాట్ ఎక్కితే మాత్రం లాగట్లేదు." ఈ మాటతో షెడ్డుకొచ్చిన బండికి చాలాచోట్ల ఒకే వరసలో మరమ్మతులు జరుగుతాయి. మొదట ఎయిర్ ఫిల్టర్ మారుస్తారు, తర్వాత డీజిల్ ఫిల్టర్, ఆ తర్వాత నాజిళ్లు (ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మేవి), చివరికి టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసేది). బిల్లు పెరుగుతూ పోతుంది. బండి మాత్రం అరకు వెళ్తూ అనంతగిరి మలుపుల్లోకి రాగానే మళ్లీ రెండో గేరుకు దిగుతుంది. బలం ఎక్కడ పోతోందో ఎవరూ కొలవకపోవడమే ఇందుకు కారణం. షెడ్డు ముందు ఐడ్లింగ్‌లో పెట్టి స్కానర్ తగిలిస్తే అన్ని అంకెలూ సక్రమంగానే కనిపిస్తాయి. లోడు పడితే గానీ బయటపడని లోపాన్ని లోడు లేకుండా వెతకడం వల్లే ఇంత ఖర్చు.

అసలు ఎక్కుడులో ఇంజన్ మీద ఎంత భారం పడుతుందో ముందు లెక్క వేద్దాం. ఐదుగురు మనుషులు, సామానుతో కలిపి ఒక చిన్న డీజిల్ కారు బరువు 1,400 కిలోలు అనుకోండి. చదును రోడ్డు మీద గంటకు 40 కి.మీ. వేగం నిలబెట్టడానికి చక్రాల దగ్గర సుమారు రెండున్నర కిలోవాట్లు చాలు. నూరు మీటర్లకు 8 మీటర్లు లేచే రోడ్డును అదే వేగంతో ఎక్కాలంటే, ఆ బరువును పైకి మోయడానికే మరో 12 కిలోవాట్లు కావాలి. మొత్తం పదిహేనుకు దగ్గర. అంటే ఆరు రెట్లు.

మన రోడ్ల మీద ఇప్పటికీ బాగా కనిపించే 1.3 లీటర్ డీజిల్‌నే తీసుకుందాం. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, ఇండికా విస్టా, ఫియట్ పుంటో, అన్నింటి డీజిల్ రకాల్లోనూ ఈ 1,248 సీసీ ఇంజన్ వచ్చింది. 75 హార్స్‌పవర్ రకం అంటే 55 కిలోవాట్లు. 15 కిలోవాట్లు దానికో లెక్కా అనిపిస్తుంది. కానీ ఆ 55 వచ్చేది 4,000 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర. 190 న్యూటన్ మీటర్ల పూర్తి టార్క్ (ఇంజన్ తిప్పే బలం) వచ్చేది 2,000 దగ్గర. హెయిర్‌పిన్ మలుపు తిరిగి మూడో గేర్లోనే 1,400 ఆర్‌పీఎంతో బయటికొస్తే టర్బో ఇంకా లేవదు. టర్బో గాలి అందని ఈ ఇంజన్ దగ్గర టార్క్ సగానికి అటూఇటూగా ఉంటుంది. ఆ వేగంలో అది సుమారు 14 కిలోవాట్లు. కావలసింది 15. దాంతో వేగం పడిపోతుంది, వేగంతో పాటు ఆర్‌పీఎం పడిపోతుంది, టర్బో మరింత దూరమవుతుంది. బండిలో ఏ లోపం లేకపోయినా ఇది జరుగుతుంది. కాబట్టి షెడ్డుకు వెళ్లే ముందే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

పైసా ఖర్చు లేని పరీక్షలు

మొదటిది గేరు. డీజిల్ బండి ఎక్కుడులో 1,800 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్య ఉండాలి, టర్బో లేని పెట్రోల్ బండి 2,500 నుంచి 3,500 మధ్య. శబ్దం ఎక్కువవుతోందని ముందే పై గేరు వేసేవాళ్లు తమ బండికి పుల్లింగ్ లేదనుకుంటారు. ఏఎంటీ (తనే గేర్లు మార్చుకునే) బండ్లయితే ఎక్కుడులో తొందరపడి పై గేరు వేసేస్తుంటాయి. మాన్యువల్ మోడ్‌లో పెట్టి రెండో గేర్లో ఉంచి చూడండి. ఆ ఒక్క మార్పుతో సమస్య మాయమైతే ఇంజన్‌ను విప్పే పని లేదు.

రెండోది ఏసీ. కంప్రెసర్ గట్టిగా పనిచేసేటప్పుడు మూడు నాలుగు కిలోవాట్లు లాగుతుంది. పైన వేసిన లెక్కలో అది చిన్న మొత్తం కాదు. వెయ్యి సీసీ పెట్రోల్ కారులో ఐదుగురు కూర్చుని ఏసీ వేసుకుని ఎక్కుతూ నీరసంగా ఉందంటే, ఆ నీరసం బండి స్వభావం, రోగం కాదు. ఏసీ ఆపినా తేడా లేకపోతేనే ముందుకు వెళ్లాలి.

మూడోది ఎక్సలేటర్ కింద ముడుచుకుపోయిన ఫ్లోర్ మ్యాట్. నవ్వొచ్చే విషయమే కానీ, మందపాటి మ్యాట్ వేసిన బండ్లలో పెడల్ చివరిదాకా దిగకపోవడం నిజంగా జరుగుతుంది. ఊళ్లో పెడల్‌ను చివరిదాకా తొక్కే అవసరమే రాదు కాబట్టి తెలియదు. మ్యాట్ తీసేసి చూడండి. ఓబీడీ అడాప్టర్ (బండి కంప్యూటర్ అంకెలను ఫోన్‌కు పంపే పరికరం) ఉంటే ఇంజన్ ఆపి, కీ ఆన్‌లో పెట్టి, పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు ఎంత శాతం చూపిస్తోందో చూడండి. బండిని బట్టి పై అంకె 80 ఉండొచ్చు, 100 ఉండొచ్చు. మ్యాట్ ఉన్నప్పుడు, తీసినప్పుడు తేడా వస్తే దొంగ దొరికినట్టే.

టైర్లలో గాలి సరిగ్గా ఉందో లేదో కూడా ఇప్పుడే చూసేయండి. ఇక "ఎత్తుకి గాలి పల్చబడింది" అనే వివరణను మన ఘాట్లలో పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. ప్రతి వంద మీటర్లకు గాలి ఒత్తిడి సుమారు ఒక శాతం తగ్గుతుంది. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తు. అంటే టర్బో లేని బండికి పదో వంతు బలం తగ్గుతుంది, అంతే. టర్బో ఉన్న బండి ఆ లోటును తనే చాలావరకు పూడ్చుకుంటుంది. లదాఖ్‌లో 5,000 మీటర్లు దాటే కనుమల సంగతి వేరు, అక్కడ గాలి ఇంచుమించు సగమే.

బలం పుట్టడం లేదా, చక్రానికి చేరడం లేదా?

ఇంజన్ జోలికి పోయే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది. ఇంజన్ బలం ఇస్తున్నా క్లచ్ జారిపోతే బండి లాగదు. ఇంజన్, క్లచ్ రెండూ బాగున్నా ఒక బ్రేకు పట్టేసి ఉంటే అప్పుడూ లాగదు.

క్లచ్ జారుతోంటే టాకోమీటరే చెప్పేస్తుంది. ఎక్కుడులో ఎక్సలేటర్ తొక్కితే ఆర్‌పీఎం ముల్లు లేస్తుంది, స్పీడోమీటర్ ముల్లు మాత్రం కదలదు. కాసేపటికి కాలిన వాసన వస్తుంది. ఘాట్ దాకా పోకుండానే పరీక్షించవచ్చు: ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్లో 40 నుంచి 50 మధ్య వేగంతో పోతూ ఒక్కసారిగా పూర్తి రేస్ ఇవ్వండి. ఆర్‌పీఎం, వేగం రెండూ కలిసి పెరిగితే క్లచ్ బాగున్నట్టే. టర్బో డీజిల్‌లో క్లచ్ ముందుగా జారేది పూర్తి టార్క్ వచ్చే 2,000 ప్రాంతంలోనే కాబట్టి ముల్లును అక్కడే గమనించాలి. జారుతోందని తేలితే క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ ఒకేసారి మార్చడం మంచిది, ఎందుకంటే గేర్‌బాక్స్ దించే కూలీ ఒకటికీ మూడింటికీ ఒకటే. దించినప్పుడు ఇంజన్ వెనక ఉండే క్రాంక్ ఆయిల్ సీలును తప్పక చూడమనండి. అక్కణ్నుంచి ఆయిల్ కారి ప్లేటు తడిసి ఉంటే కొత్త ప్లేటు కూడా కొన్నాళ్లకే జారుతుంది.

బ్రేకు పట్టేయడం మరీ మోసకారి. చదునులో మైలేజీ కొంచెం తగ్గడం తప్ప ఏమీ తెలియదు. కొంత దూరం నడిపాక బండి ఆపి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి, రిమ్మును తాకకుండా, వేడిని పోల్చండి. ఒక చక్రం మిగతావాటికంటే స్పష్టంగా వేడిగా ఉంటే అక్కడ క్యాలిపర్ పిన్నులు బిగుసుకున్నాయి, లేదంటే హ్యాండ్‌బ్రేక్ కేబుల్ వెనక్కి రావడం లేదు. జాకీ మీద లేపి చేత్తో తిప్పితే సందేహం తీరిపోతుంది.

బలం ఏ తీరున పోతోంది?

మెకానిక్‌కు "పుల్లింగ్ లేదు" అని చెప్పడం కంటే ఎలా పోతోందో చెప్పడం వల్ల సగం పని తగ్గుతుంది. దీనికి ప్రధానంగా నాలుగు తీరులున్నాయి.

బండి జర్కులు కొడుతూ, మిస్సింగ్‌తో (సిలిండర్‌లో ఇంధనం మధ్యమధ్యలో అంటుకోకుండా) బలం పోతుంటే పెట్రోల్ బండిలో అది దాదాపుగా స్పార్క్ సమస్య. జర్కులేమీ లేకుండా, మెత్తగా, ఎంత తొక్కినా స్పందన లేకుండా ఉంటే గాలి, ఇంధనం, పొగ గొట్టం, ఈ మూడింట్లో ఏదో ఒకటి.

మొదట బాగా ఎక్కి, కొన్ని నిమిషాల తర్వాత నెమ్మదిగా నీరసపడి, పక్కన ఆపి కాసేపయ్యాక మళ్లీ మామూలైతే ఇంధనం దారిలో అడ్డుందని అనుమానించాలి. ట్యాంకులో జాలికి పట్టిన మడ్డి, లాగుడు ఎక్కువైనప్పుడు జాలికి అతుక్కుంటుంది, ఇంజన్ ఆగగానే జారిపడుతుంది. ట్యాంకు మూత గాలి రంధ్రం మూసుకుపోయినా ఇదే లక్షణం. అలా నీరసపడిన క్షణంలో ఆపి మూత తిప్పండి. 'ఫుస్' మని గాలి లోపలికి పీల్చుకుంటే మూతే తప్పుచేస్తోంది. కొంచెం గాలి శబ్దం మామూలే, గట్టిగా పీల్చుకోవడం మామూలు కాదు.

ఇక ఎవరో స్విచ్ కట్టేసినట్టు ఒక్కసారిగా బలం పోయి, 2,500 లేదా 3,000 ఆర్‌పీఎం దాటనివ్వకుండా, ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేయగానే మామూలైతే, అది లింప్ మోడ్. ఈసీయూకి (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్‌కు) ఏదో అంకె నచ్చలేదు, ఇంజన్‌ను కాపాడటానికి తనే బలం తగ్గించింది. ఇది నిజానికి మంచి వార్త, ఎందుకంటే ఏ అంకె నచ్చలేదో ఈసీయూ కోడ్ రాసిపెట్టుకుంటుంది. ఆ కోడ్ చదవకుండా బ్యాటరీ తీసి పెట్టి "రీసెట్" చేయడం కంటే పెద్ద పొరపాటు ఇంకోటి లేదు. ఉన్న ఒక్క సాక్ష్యం అక్కడితో పోతుంది.

డీజిల్‌లో పొగను కూడా చూడాలి. వెనక వచ్చే బండివాళ్లను అడిగినా సరే. నల్లపొగతో నీరసమైతే డీజిల్ అందుతోంది, గాలి అందడం లేదు. పొగే లేకుండా నీరసమైతే డీజిల్ అందడం లేదు, లేదా ఈసీయూయే తగ్గించింది. నీలిపొగ అంటే ఆయిల్ కాలుతోంది.

డీజిల్‌లో చూడాల్సినవి రెండే అంకెలు

కామన్ రైల్ డీజిల్‌లో (అన్ని నాజిళ్లకూ 'రైలు' అనే ఒకే గొట్టం నుంచి ఒత్తిడితో డీజిల్ అందే ఇంజన్‌లో) ఎక్కుడు మీద, పూర్తి రేస్‌లో, 2,000 నుంచి 3,000 ఆర్‌పీఎం మధ్య రెండు అంకెలు తీసుకుంటే వెతుకులాట చాలావరకు ముగుస్తుంది. ఒకటి ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టం) ఒత్తిడి, అంటే మ్యాప్ సెన్సర్ అంకె. రెండోది రైలు ఒత్తిడి. చౌకగా దొరికే బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్, ఫోన్‌లో ఒక యాప్ ఉంటే చాలా బండ్లలో ఈ రెండూ రికార్డు చేయవచ్చు. పక్క సీట్లో ఒకరు కూర్చుని చూసుకోవాలి. నడిపేవాళ్లు ఫోన్ వైపు చూడకూడదు. తిరుమల ఎగువ ఘాట్ లాంటి రద్దీ రోడ్డు ఈ పనికి పనికిరాదు. ఊరి బయట ఖాళీగా ఉన్న పొడవైన మిట్ట చాలు. అదీ లేకపోతే ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్లో 1,500 నుంచి పూర్తి రేస్ ఇచ్చి 3,000 దాకా తీసుకెళ్లినా ఆ కాసేపు ఎక్కుడంత లోడు పడుతుంది.

మ్యాప్ సెన్సర్‌ను నమ్మవచ్చా అన్నది ముందు చూసుకోవాలి. ఇంజన్ ఆపి కీ ఆన్ చేసినప్పుడు అది బయటి గాలి ఒత్తిడినే చూపాలి: విశాఖలో సుమారు 101 కిలోపాస్కల్, హైదరాబాద్ ఎత్తులో 95 ప్రాంతం. అక్కడే తప్పు చూపిస్తే సెన్సర్ మసి పట్టింది, తీసి శుభ్రం చేయాలి. తర్వాత పూర్తి లోడులో ఆ అంకె 200 దాటి, 240 వరకు వెళ్లాలి. 140, 150 దగ్గరే ఆగిపోతే టర్బో గాలి ఇంజన్‌కు చేరడం లేదు. కోడ్ పడితే అది పీ0299 అవుతుంది.

ఇక్కడే "టర్బో పోయింది" అనే తీర్పు వస్తుంది. తొందరపడకండి. టర్బో గాలి తయారుచేయడం వేరు, ఆ గాలి ఇంజన్‌కు చేరడం వేరు. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచేది), అక్కణ్నుంచి ఇంజన్‌కు వెళ్లే రబ్బరు హోస్ పైపులు వేడికీ ఆయిల్‌కీ మెత్తబడి చీలుతాయి. చీలిక చాలాసార్లు పైపు కింది వైపు, వంపు దగ్గర, క్లిప్పు అంచున ఉంటుంది. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు దాని పెదాలు మూసుకుని గీతలా కూడా కనిపించదు. లోపల ఒక బార్ ఒత్తిడి వచ్చినప్పుడు తెరుచుకుంటుంది, అంటే సరిగ్గా ఎక్కుడులో. పైపు అంతా వేలితో తడిమి చూడండి. ఒకచోట తడి ఆయిల్ మీద దుమ్ము పేరుకుని నల్లగా జిగటగా ఉంటే, దాన్ని రెండు చేతులతో వంచి సాగదీయండి. చీలిక అక్కడే నోరు తెరుస్తుంది. అయితే పైపు లోపల కొంచెం ఆయిల్ తడి ఉండటం మామూలే, దాన్ని చూసి టర్బో సీలు పోయిందనుకోవద్దు.

తడిమితే దొరకకపోతే ఒత్తిడి పరీక్ష చేయాలి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు టర్బో ముందు పైపు విప్పి, అక్కడ మూత బిగించి, కంప్రెసర్ నుంచి రెగ్యులేటర్ ద్వారా ఒక బార్, అంటే 15 పీఎస్‌ఐ మించకుండా గాలి ఎక్కించి సబ్బు నీళ్లు చల్లాలి. బుడగలు వచ్చిన చోటే లీకు. రెగ్యులేటర్ లేకుండా నేరుగా టైరు గాలి పెట్టేస్తే పైపులు ఊడిపోతాయి, సీళ్లు కూడా పోవచ్చు.

పైపులు బాగుంటే టర్బో అదుపు వ్యవస్థ చూడాలి. 75 హార్స్‌పవర్ రకంలో ఉన్నది మామూలు వేస్ట్‌గేట్ టర్బో. వేస్ట్‌గేట్ (ఎక్కువైన పొగను టర్బో పక్కనుంచి వదిలే తలుపు) తెరుచుకుని ఇరుక్కుపోతే ఒత్తిడి లేవదు. 90 హార్స్‌పవర్ రకంలోను, తర్వాతి చాలా డీజిళ్లలోను ఉన్నది వేరియబుల్ జ్యామెట్రీ టర్బో. దాని రెక్కల కోణాన్ని వాక్యూమ్‌తో పనిచేసే కడ్డీ మారుస్తుంది. చేతి వాక్యూమ్ పంపు తగిలించి అర బార్‌కు కాస్త పైగా వాక్యూమ్ ఇస్తే కడ్డీ ఎక్కడా ఆగకుండా చివరిదాకా కదలాలి, వదిలేదాకా అలాగే నిలవాలి. కడ్డీ కదిలి వెనక్కి జారిపోతే డయాఫ్రమ్ చిల్లు పడింది. తడబడుతూ, మెట్లు మెట్లుగా కదిలితే రెక్కలకు మసి పట్టింది. మసి పట్టిన రెక్కలు ఎక్కుడులో రెండు రకాలుగా ఏడిపిస్తాయి. తెరుచుకుని ఇరుక్కుంటే కింది ఆర్‌పీఎంలో బలం ఉండదు. మూసుకుని ఇరుక్కుంటే ఒత్తిడి మితిమీరి పీ0234 కోడ్ పడి లింప్ మోడ్ వస్తుంది. "మొదట బ్రహ్మాండంగా లాగింది, ఠక్కున చచ్చిపోయింది" అనే బండి ఈ రెండో రకం. టర్బో దించి రెక్కల వైపు శుభ్రం చేస్తే చాలాసార్లు సరిపోతుంది. ఆ పనిలో కడ్డీ పొడవునూ, స్టాప్ స్క్రూనూ ఎవరూ ముట్టుకోకుండా చూసుకోండి, అవి ఫ్యాక్టరీ సెట్టింగులు.

వాక్యూమ్ పైపుల సన్నని రబ్బరు చివర్లు ఎండి పగలడం కూడా చాలా మామూలు. అదే వాక్యూమ్‌తో బ్రేక్ బూస్టర్ కూడా పనిచేస్తుంది కాబట్టి పుల్లింగ్ తగ్గడంతో పాటు బ్రేకు పెడల్ గట్టిపడిందంటే టర్బోను వదిలి వాక్యూమ్ పంపు, దాని పైపులు చూడండి.

టర్బోనే అనుమానించాల్సి వస్తే చల్లగా ఉన్నప్పుడు ముందు పైపు విప్పి ఇరుసును పట్టుకుని చూడాలి. పక్కలకు కొద్దిగా ఊగడం సహజం, ఎందుకంటే ఆ బేరింగు ఆయిల్ పొర మీద తేలుతుంది. ముందుకూ వెనక్కూ ఆడితే, లేదా రెక్కలు గోడకు రాసుకున్న గీతలు కనిపిస్తే, అప్పుడు టర్బో పోయినట్టు.

ఈజీఆర్ వాల్వు (కొంత పొగను తిరిగి ఇంజన్‌లోకి పంపేది) మసితో తెరుచుకుని ఇరుక్కుపోయినా నల్లపొగ, నీరసం వస్తాయి. దించి శుభ్రం చేయించడమే పరిష్కారం. దానికి రేకు అడ్డం పెట్టి మూసేయడం షెడ్డుల్లో అలవాటే కానీ, అది పొల్యూషన్ నిబంధనలకు విరుద్ధం, కొత్త బండ్లలో చెక్ ఇంజన్ లైటు కూడా వెలుగుతుంది.

ఇప్పుడు రెండో అంకె. ఐడ్లింగ్‌లో రైలు ఒత్తిడి 250 నుంచి 350 బార్ మధ్య ఉండొచ్చు. పూర్తి లోడులో 1,400, 1,600 దాకా పోవాలి. కంపెనీ స్కానర్ అయితే ఈసీయూ అడిగిన ఒత్తిడి, నిజంగా వచ్చిన ఒత్తిడి రెండూ పక్కపక్కన చూపిస్తుంది. అడిగింది 1,400, వచ్చింది 900, అదీ ఇంకా జారుతోందంటే పీ0087 కోడ్ సిద్ధంగా ఉన్నట్టే. వెతికే వరస మాత్రం తప్పకూడదు: ముందు పంపుకు డీజిల్ చేరుతోందా, తర్వాత నాజిళ్లు వెనక్కి వదిలేస్తున్నాయా, ఆ తర్వాత మీటరింగ్ వాల్వు (పంపుకు పోయే డీజిల్‌ను కొలిచి వదిలేది), చిట్టచివర పంపు.

డీజిల్ ఫిల్టర్‌ను కంపెనీ చెప్పిన కిలోమీటర్లకు మార్చి ఉండకపోతే మొదట అదే మార్చండి, డూప్లికేట్ కాకుండా. పాత ఫిల్టర్‌లో ఉన్న డీజిల్‌ను గాజు గ్లాసులో పోసి పది నిమిషాలు ఉంచితే నీళ్లు ఉంటే అడుగున వేరుపడతాయి. వెండి రంగు పొడి మెరుస్తూ కనిపిస్తే పంపు అరిగిపోతోంది. ఆ స్థితిలో నాజిళ్లు ఒక్కటే మారిస్తే కొత్తవాటినీ ఆ పొడి తినేస్తుంది. ట్యాంకు నుంచి నాజిల్ దాకా మొత్తం శుభ్రం చేయాల్సిందే.

ట్యాంకులో పంపు లేకుండా, ఇంజన్ పంపే డీజిల్ పీల్చుకునే బండ్లలో ఇంకో చిక్కుంది. పీల్చే వైపు పైపుకు పగులుంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కింద ఒక్క చుక్క కూడా పడదు. ఫిల్టర్‌కు, పంపుకు మధ్య తక్కువ ఒత్తిడి వైపు ఒక పారదర్శక పైపు ముక్క పెట్టి 2,500 ఆర్‌పీఎంలో చూస్తే బుడగలు ఆగకుండా వస్తాయి. ఫిల్టర్ మార్చిన కొత్తలో కొన్ని బుడగలు రావడం సహజం, ఆగకుండా రావడమే లోపం.

నాజిళ్ల పరీక్షకు నాలుగు ఒకే కొలత సీసాలు చాలు. ఒక్కో నాజిల్ రిటర్న్ పైపును ఒక్కో సీసాలో పెట్టి రెండు మూడు నిమిషాలు ఇంజన్ నడపాలి. నాలుగింట్లో ఇంచుమించు సమానంగా పడాలి. ఒకదాంట్లో మిగతావాటికి రెట్టింపు కంటే ఎక్కువ పడితే ఒత్తిడి అక్కడే కారిపోతోంది. ఆ ఒక్క నాజిల్ రిపేరుతో పోయేదానికి నాలుగూ మార్చనక్కర్లేదు.

ఒక హెచ్చరిక. ఇంజన్ నడుస్తుండగా నాజిళ్ల హై ప్రెషర్ పైపుల నట్లు వదులు చేయడం, లీకు ఉందా అని చేత్తో తడమడం పాత డీజిళ్ల కాలం నాటి అలవాటు. వెయ్యి బార్‌కు పైబడిన ఒత్తిడిలో సన్నని డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న గాటులా కనిపించినా అది వెంటనే ఆసుపత్రికి పోవాల్సిన గాయం. రిటర్న్ పైపులు వేరు, హై ప్రెషర్ పైపులు వేరు. తేడా తెలియనివాళ్లు ఈ పరీక్ష చేయకూడదు.

పెట్రోల్, సీఎన్‌జీ బండ్లలో

సీఎన్‌జీ కిట్ ఉన్న బండికి ఒక ఉచిత పరీక్ష ఉంది. అదే మిట్టను ఒకసారి గ్యాస్ మీద, ఒకసారి పెట్రోల్ మీద, అదే గేరుతో ఎక్కండి. గ్యాస్ మీద కొంత తగ్గడం సహజం. గ్యాస్ మీద మరీ చచ్చుగా, పెట్రోల్ మీద పూర్తి బలంగా ఉంటే లోపం గ్యాస్ ఫిల్టర్ లేదా రెగ్యులేటర్‌లో ఉంది. రెండింటి మీదా ఒకేలా నీరసమైతే ఇంధనం తప్పు కాదు. క్లచ్, ఎయిర్ ఫిల్టర్, పొగ గొట్టం వైపు తిరగండి. గ్యాస్ మీద జర్కులు, పెట్రోల్ మీద తక్కువ జర్కులు ఉంటే స్పార్క్ బలహీనపడింది, ఎందుకంటే గ్యాస్‌ను అంటించడానికి ఎక్కువ ఓల్టేజీ కావాలి.

స్పార్క్ సమస్య ఎక్కుడులోనే ఎందుకు బయటపడుతుందంటే, పూర్తి రేస్‌లో సిలిండర్‌లోకి ఎక్కువ మిశ్రమం చేరి ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగిన కొద్దీ నిప్పురవ్వ దూకడానికి ఎక్కువ ఓల్టేజీ కావాలి. అరిగిన ప్లగ్గు, పగిలిన కాయిల్ అంత ఇవ్వలేవు. రవ్వ దగ్గరి దారి వెతుక్కుని పక్కనుంచి ఇంజన్ ఇనుములోకి దిగిపోతుంది. ప్లగ్గు తీసి దాని తెల్లటి పింగాణీని వెలుతురులో తిప్పి చూడండి. పై నుంచి కిందికి పెన్సిల్‌తో గీసినట్టు సన్నని నల్లగీత ఉంటే రవ్వ అక్కణ్నుంచే కారుతోంది. ప్లగ్గుతో పాటు కాయిల్ రబ్బరు బూటు కూడా మార్చాలి, లేకపోతే బూటులో మిగిలిన గీత కొత్త ప్లగ్గును కూడా పాడుచేస్తుంది. గ్యాప్ చాలా బండ్లకు 1.0 నుంచి 1.1 మిల్లీమీటర్లు, కానీ మీ మాన్యువల్ చెప్పిందే ప్రమాణం. కోడ్ పీ0301 నుంచి పీ0304 లోపు పడితే చివరి అంకె సిలిండర్ నంబరు. ఆ సిలిండర్ కాయిల్‌ను పక్కదానితో మార్చి పెట్టండి. కోడ్ కూడా దానితో పాటు మారితే కాయిలే దోషి.

జర్కులు లేని నీరసానికి ఆక్సిజన్ సెన్సర్‌ను అడగాలి. పాతరకం సెన్సర్ ఉన్న బండిలో పూర్తి రేస్‌తో ఎక్కుతుండగా దాని అంకె 0.8 ఓల్టుల పైన నిలబడాలి. అది 0.1, 0.2కు పడిపోతే పెట్రోల్ చాలడం లేదు: పంపు బలహీనపడింది, జాలి మూసుకుపోయింది, లేదా గాలి కొలిచే సెన్సర్ తక్కువ చెబుతోంది. ప్రెషర్ గేజి తగిలిస్తే చాలా పెట్రోల్ కార్లలో 3 నుంచి 4 బార్ మధ్య రావాలి. ఐడ్లింగ్‌లో రావడం గొప్ప కాదు, లోడులో పడిపోకుండా ఉండాలి. సెన్సర్ 0.8 పైనే ఉండి కూడా బండి లాగకపోతే పెట్రోల్‌ను వదిలేసి పొగ గొట్టం చూడండి.

పొగ బయటికి పోకపోతే

క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రం చేసేది) మూసుకుపోయిన బండి ఐడ్లింగ్‌లో ముచ్చటగా ఉంటుంది, రేస్ ఇచ్చిన కొద్దీ గొంతు నొక్కినట్టవుతుంది. ముందు ఆక్సిజన్ సెన్సర్ విప్పి ఆ రంధ్రంలో గేజి పెట్టి 2,500 ఆర్‌పీఎంలో చూస్తే 0.1 బార్ లోపు ఉండాలి. 0.2 దాటితే దారి మూసుకుపోయినట్టే. కన్వర్టర్ దానంతటది ఊరికే పాడవదు. మిస్సింగ్ ఉన్నా నెలల తరబడి నడిపితే కాలని పెట్రోల్ అందులోకి చేరి, అక్కడ అంటుకుని, లోపలి జల్లెడ కరిగిపోతుంది. మిస్సింగ్ సరిచేయకుండా కన్వర్టర్ మారిస్తే కొత్తదీ అదే దారి పడుతుంది.

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 డీజిళ్లలో కన్వర్టర్‌కు తోడు డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉంటుంది. అందులో చేరిన మసిని కాల్చడానికి పొగ 600 డిగ్రీల ప్రాంతానికి వేడెక్కాలి. రోజూ నాలుగైదు కిలోమీటర్లు ఊళ్లోనే తిరిగే బండిలో ఆ వేడి రాదు, మసి పేరుకుంటుంది, ఒక దశలో ఈసీయూ బలం తగ్గించేస్తుంది. డీపీఎఫ్ లైటు మొదటిసారి వెలిగినప్పుడే హైవే మీద 60 పైన వేగంతో, 2,000 ఆర్‌పీఎం తగ్గకుండా, ఇరవై ఇరవై ఐదు నిమిషాలు ఆపకుండా నడిపితే చాలావరకు తనే కాల్చుకుంటుంది. లైటు వచ్చాక కూడా ఊళ్లోనే తిప్పితే సర్వీస్ సెంటర్‌లో స్కానర్‌తో కాల్పించాల్సి వస్తుంది. ఈ బండ్లలో ఆయిల్ కూడా మాన్యువల్‌లో చెప్పిన తక్కువ బూడిద రకమే పోయాలి. ఆయిల్ వల్ల చేరే బూడిద ఏ వేడికీ కాలదు.

వేడెక్కిన ఇంజన్

ఎక్కుడులో వేగం తక్కువ, ఎదురుగాలి తక్కువ, లోడు ఎక్కువ. రేడియేటర్ ఫ్యాన్ ఒక్కటే దిక్కు. కూలెంట్ వేడి హద్దు దాటితే చాలా బండ్లలో ఈసీయూ ముందు ఏసీ కట్ చేస్తుంది, తర్వాత ఇంజన్ బలం తగ్గిస్తుంది. కాబట్టి ఘాట్‌లో నీరసంతో పాటు ఏసీ గాలి కూడా వెచ్చబడితే వేడి ముల్లు చూడండి. ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తిప్పి, సురక్షితమైన చోట పక్కకు తీయండి. ముల్లు ఇంకా ఎర్రగీత చేరకపోతే ఇంజన్ ఐడ్లింగ్‌లోనే ఉంచి ఫ్యాన్ తిరుగుతోందో లేదో గమనించండి. ఎర్రగీత దాటినా, ఆవిరి వస్తున్నా వెంటనే ఆపేయాలి. రేడియేటర్ మూత వేడి మీద ఎట్టి పరిస్థితిలోనూ తిప్పకూడదు. చల్లారాక కూలెంట్ తగ్గి ఉంటే ఎక్కడ కారిందో వెతకాలి. ఎక్కడా కారకుండా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ పరీక్ష చేయించాలి.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా బలం లేకపోతేనే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) చూడాలి. సిలిండర్ల మధ్య తేడా పది పదిహేను శాతం మించితే రింగులో, వాల్వులో అరిగాయి. అన్ని సిలిండర్లలోనూ సమానంగా తక్కువగా ఉంటే టైమింగ్ చైన్ సాగిందేమో, లేదా ఒక పన్ను జరిగిందేమో చూడాలి.

మరమ్మతు ఏదైనా, బండి తీసుకునే ముందు మొదట రికార్డు చేసిన మిట్ట మీదికే మళ్లీ తీసుకెళ్లండి. అదే గేరు, అంతమందే మనుషులు, ఏసీ మొదటిసారి ఎలా ఉంటే అలాగే. టర్బో పైపు మార్చిన డీజిల్‌లో 150 దగ్గర ఆగిన మ్యాప్ అంకె ఇప్పుడు 2,200 ఆర్‌పీఎంకల్లా 200 దాటాలి. రైలు పనైతే అడిగిన ఒత్తిడి, వచ్చిన ఒత్తిడి రెండు గీతలూ పూర్తి రేస్‌లో ఒకదాని మీద ఒకటి పోవాలి. కోడ్లు చెరిపేశాక రెండు మూడు రోజులు మామూలుగా నడిపి మళ్లీ చదవాలి. కొన్ని కోడ్లు లోపం రెండోసారి కనిపిస్తే గానీ పడవు. అంకె మారకుండా "ఇప్పుడు కొంచెం పర్లేదు కదా" అని మెకానిక్ అంటే, డబ్బులిచ్చే ముందు పాత రికార్డు, కొత్త రికార్డు రెండూ ఆయన ముందు పెట్టండి.